స్టెల్త్ ఫైటర్ కానోపీ, నాజిల్, గాలిదారి: దేనికోసం దేన్ని వదులుకోవాలి?

దుండిగల్_డిజైన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. ఫైనలియర్ డిజైన్ ప్రాజెక్టుకి స్టెల్త్ (రాడార్‌కి దొరకని) ఫైటర్ కాన్సెప్ట్ తీసుకున్నాం. 25 టన్నుల తరగతి, ఒకే పైలట్, రెండు ఎఫ్414 ఇంజన్లు. ఆఫ్టర్‌బర్నర్‌తో ఒక్కోటి 98 కిలోన్యూటన్లు. దాదాపు మన ఆమ్కా (మన దేశం తయారుచేసుకుంటున్న స్టెల్త్ ఫైటర్) కొలతలే అనుకోండి. గరిష్ఠ వేగం మాక్ 1.8 (ధ్వని వేగానికి 1.8 రెట్లు) పెట్టాలా, 2 పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు, దాన్ని చివర్లో చూసుకుందాం అనుకున్నాం.

నాలుగు చోట్ల చిక్కుపడ్డాం.

ఒకటి కానోపీ, అంటే పైలట్ మీది అద్దపు మూత. అమెరికా వాళ్ళ ఎఫ్-22కి ముందు నుంచి వెనక దాకా ఒకే బుడగ, మధ్యలో చట్రం లేదు. ఎఫ్-35కి మాత్రం పైలట్ ముందు అడ్డంగా విల్లులాంటి చట్రం ఉంది. తర్వాత పుట్టిన విమానానికి మళ్ళీ చట్రం ఎందుకు వచ్చింది? ఖర్చు ఒక్కటే కారణమా?

రెండోది అద్దం మీద వేసే బంగారు రంగు పూత. వాహకంగా ఉండాలని అందరూ రాస్తున్నారు గానీ ఎన్ని ఓమ్‌లు ఉంటే చాలో ఎక్కడా దొరకలేదు.

మూడోది నాజిల్, ఇంజన్ వెనక వేడి గాలి బయటికి పోయే నోరు. ఎఫ్-22లా చదునుగా పెట్టాలా, ఎఫ్-35లా గుండ్రంగా ఉంచి అంచులకు రంపపు పళ్ళు పెట్టాలా?

నాలుగోది గాలిదారి, ఇంజన్‌కి గాలి తెచ్చే గొట్టం. ఎస్ ఆకారంలో వంచితే ఫ్యాన్ రాడార్‌కి కనిపించదు, సరే. దానికి ఎంత థ్రస్ట్ చెల్లించుకోవాలి?

మా గైడ్ గారు ఒకే మాట మీద ఉన్నారు: ప్రతి నిర్ణయం పక్కనా ఏం పోగొట్టుకున్నారో అంకెతో రాయమంటున్నారు. రహస్య సమాచారం ఏమీ అక్కర్లేదు. చేతి లెక్కలు, బయట అందరికీ తెలిసిన సంగతులు చాలు.


అద్దాల_లెక్క

తమ్ముడూ, మీరు చివరికి వదిలేసిన అంకెనే ముందు తేల్చాలి. 1.8కీ 2కీ తేడా కాగితం మీద 0.2 మాత్రమే. కానీ అద్దం దగ్గరికొచ్చేసరికి అది ప్లాస్టిక్‌నే మార్చేస్తుంది.

లెక్క ఇలా చేయండి. 11 కిలోమీటర్ల ఎత్తున గాలి 216.65 కెల్విన్, అంటే మైనస్ 56.5 డిగ్రీలు. మాక్ వర్గాన్ని 0.2తోనూ, రికవరీ ఫ్యాక్టర్ (గాలి వేగం వేడిగా మారే వంతు) 0.89తోనూ గుణించి, ఒకటి కలిపి, మొత్తాన్ని 216.65తో గుణించండి. అద్దాన్ని రాసుకుపోయే గాలి ఎంత వేడెక్కుతుందో వస్తుంది. మాక్ 1.6కి 42 డిగ్రీల సెల్సియస్, 1.8కి 68, 2కి 98.

యాక్రిలిక్ మెత్తబడేది 105 డిగ్రీల దగ్గర. విమానాలకు వాడేది సాగదీసిన యాక్రిలిక్. పగులు పాకకుండా ఆపే గుణం దానికి ఆ సాగదీతతోనే వస్తుంది. ఆ వేడికి దగ్గరైతే అది ముడుచుకుని పాత ఆకారానికి పోవాలని చూస్తుంది, గుణం పోతుంది. పాలీకార్బొనేట్‌కి ఆ హద్దు 147 దగ్గర ఉంది. కాబట్టి మాక్ 2లో నాలుగైదు నిమిషాలు ఉండాలంటే పాలీకార్బొనేట్ తప్పదు. 1.8 లోపు అయితే యాక్రిలిక్ కూడా నిలబడుతుంది. ఎఫ్-22 మాక్ 2 తరగతి, అద్దం పాలీకార్బొనేట్. ఎఫ్-35 మాక్ 1.6, అద్దం సాగదీసిన యాక్రిలిక్.

ఇప్పుడు పక్షి. 1.8 కిలోల పక్షి 350 నాట్ల వేగంలో తగిలితే 29 కిలోజౌళ్ళ శక్తి. పాలీకార్బొనేట్ పగలదు, వంగుతుంది. ఆ వంపు అలలా వెనక్కి పరుగెత్తి పైలట్ హెల్మెట్‌ని గానీ, ముందున్న హడ్ (అంకెలు చూపే తెర) అద్దాన్ని గానీ కొట్టకూడదు. అందుకే చట్రం లేని బుడగ కావాలంటే మందం పెంచాలి. ఎఫ్-22లో దాదాపు 9.5 మి.మీ. పలకలు రెండు వేడిలో ఒకటిగా అతికించి, తర్వాత అచ్చు మీద వంచుతారు. అంటే 19 మి.మీ. మందం, 3.5 మీటర్ల పొడవు, 160 కిలోల పైచిలుకు బరువు. అంత పెద్ద వంపులో ఎక్కడా చూపు వంకర పోకూడదు, అంత వైశాల్యంలో పూత ఎక్కడా మందం మారకూడదు. ఒక మూల తప్పు వస్తే మొత్తం అద్దం పక్కన పెట్టాల్సిందే. మీరు అడిగిన ఖర్చు ఇక్కడుంది.

విల్లు చట్రం పెడితే వంపు అల అక్కడ ఆగుతుంది. ముందు భాగం మందంగా, వెనక భాగం పల్చగా ఉంచుకోవచ్చు. పోయేది పైలట్ చూపులో ఒక పట్టీ మేర, అంతే. హెల్మెట్ తెర మీదే అన్నీ కనిపించే విమానంలో ఆ పట్టీ వల్ల జరిగే నష్టం పాత రోజులంత కాదు.

పూత సంగతి. ఇది ఓపిగ్గా చదవండి, మీ రిపోర్టుకి ప్రాణం ఇదే.

ఉత్త ప్లాస్టిక్ రాడార్‌కి కిటికీ లాంటిది. అల లోపలికి వచ్చి సీటు, ప్యానెల్, వెనక గోడ కలిసే మూలల్లో మూడు దెబ్బలు తిని, వచ్చిన దారినే తిరిగిపోతుంది. 30 సెం.మీ. అంచులున్న ఒక్క లోహపు మూల 10 గిగాహెర్ట్జ్ దగ్గర ఎంత కనిపిస్తుందో చూడండి: అంచు నాలుగో ఘాతాన్ని 4 పైతో గుణించి, తరంగదైర్ఘ్యం వర్గానికి మూడు రెట్లతో భాగిస్తే దాదాపు 38 చదరపు మీటర్లు. విమానం మొత్తాన్ని ఎంత అందంగా మలిచినా ఈ ఒక్క మూల దాన్ని మింగేస్తుంది.

పూత పని ఆ కిటికీని మూసి, అద్దాన్ని కూడా బయటి చర్మంలో భాగం చేయడం. పల్చటి వాహక పొర గుండా ఎంత అల దాటుతుందనేది దాని షీట్ నిరోధం (పొరలో ఒక చదరపు ముక్కకి అంచు నుంచి ఎదుటి అంచుకి ఉండే నిరోధం) మీదే ఆధారపడుతుంది. 377ని (ఖాళీ చోటు అలకి చూపే నిరోధం, ఓమ్‌లలో) షీట్ నిరోధానికి రెండు రెట్లతో భాగించి, ఒకటి కలిపి, దాని 20 లాగ్ తీయండి. 10 ఓమ్‌లకి 26 డెసిబెల్ వస్తుంది. అల లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి దాటాలి కాబట్టి మొత్తం 52. మన 38 చదరపు మీటర్ల మూల 0.00024కి పడిపోతుంది. అదే 50 ఓమ్‌లైతే రానూపోనూ 27 డెసిబెలే, మూల 0.07 చదరపు మీటర్లుగా మిగిలిపోతుంది. స్టెల్త్ లెక్కలో అది చాలా పెద్దది. ప్లాస్టిక్ మందం ప్రభావాన్ని ఇందులో వదిలేశాను, మొదటి అంచనాకి ఇది చాలు.

పదార్థం బంగారమైనా కావచ్చు, ఇండియం టిన్ ఆక్సైడ్ అయినా కావచ్చు. బంగారం పది పదిహేను నానోమీటర్లకే పని చేస్తుంది, సాగుతుంది, కానీ వెలుతురు ఎక్కువ మింగుతుంది, మెత్తన. ఆక్సైడ్ వెలుతురు బాగా వదులుతుంది, కానీ పింగాణీ స్వభావం, పెళుసు.

చివరిగా అంచు. 3.5 మీటర్ల పాలీకార్బొనేట్ 100 డిగ్రీల తేడాకి సుమారు 23 మి.మీ. పెరుగుతుంది. కింద ఉన్న అల్యూమినియం చట్రం 8 మి.మీ. పెరుగుతుంది. మిగతా 15 మి.మీ. ఎక్కడికి పోవాలి? బోల్టు రంధ్రాలు బిగుతుగా వేస్తే రంధ్రం చుట్టూ గీతలు మొదలై పగులు పాకుతుంది. అందుకని రంధ్రాలు పెద్దవిగా, లోపల బుష్‌లు, సీలు మెత్తగా ఉంచాలి. కానీ పూతకీ చట్రానికీ మధ్య విద్యుత్ తెగకూడదు కాబట్టి ఆ మెత్తటి సీలు వాహకంగా కూడా ఉండాలి. మెత్తదనం, వాహకత్వం రెండూ ఒకే పదార్థంలో పెడితే అది త్వరగా అరిగిపోతుంది. నిర్వహణ ఖర్చు ఇక్కడ పుడుతుంది.


సీటు_పిన్ను

పైన చెప్పిన దానికి ఒక్కటి కలుపుతాను. చట్రం ఎందుకొచ్చింది అన్న ప్రశ్నకి సగం జవాబు ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే సీటు) దగ్గర ఉంది.

19 మి.మీ. పాలీకార్బొనేట్‌ని పేల్చి ముక్కలు చేయలేరు, అది అంత మొండిది. కాబట్టి ఎఫ్-22లో ముందు కానోపీ మొత్తాన్ని రాకెట్లతో విసిరేసి, ఆ తర్వాతే సీటు కదలాలి. అలా సెకనులో కొంత భాగం పోతుంది. ఎఫ్-35బి నిలువుగా దిగేటప్పుడు దాన్ని పైకి మోసే లిఫ్ట్ ఫ్యాన్ ఆగితే విమానం ముక్కు కిందికి తిరగబడుతుంది, పైలట్ చెయ్యి లాగే లోపే సీటు తనంతట తానే పేలాలి. అక్కడ కానోపీ ఎగిరిపోయేదాకా ఆగే వ్యవధి లేదు. అందుకని అద్దాన్నే పేలుడు తీగతో కోసేస్తారు. యాక్రిలిక్ అయితే ఆ తీగకి తెగుతుంది.

అలాంటి తీగని కళ్ళారా చూడాలంటే దూరం పోనక్కర్లేదు. బీదర్ సూర్యకిరణ్ జట్టు (మన వైమానిక దళపు విన్యాసాల జట్టు) హాక్ విమానాల ఫోటోలు పెద్దవి చేసి చూడండి. కానోపీ మీద మెలికలు తిరిగిన బూడిదరంగు గీత కనిపిస్తుంది. అది డిజైను గీత కాదు, పేలుడు తీగ. అది పేలినప్పుడు కరిగిన లోహపు తుంపర పైలట్ మీద పడుతుంది, అందుకే విజర్ దించి ఉండాలని నియమం. స్టెల్త్ విమానంలో అద్దం మధ్యలో అలా మెలికల లోహం అతికించలేరు, అంచుల వెంబడి దాచాలి.

ఇంకో కోణం, నేల మీద రక్షణ. 2006 ఏప్రిల్‌లో అమెరికా లాంగ్లీ స్థావరంలో ఒక ఎఫ్-22 కానోపీ మూసుకుపోయి తెరుచుకోలేదు. పైలట్ ఐదు గంటలు లోపలే ఉన్నాడు. చివరికి రంపంతో కోసి తీశారు. బలమైన అద్దం పెట్టేటప్పుడు బయటి నుంచి ఎలా తీస్తారో కూడా డ్రాయింగులో ఉండాలి. మీ రిపోర్టులో ఆ పేజీ తప్పకుండా పెట్టండి.

మీది రెండు ఇంజన్ల మామూలు రన్‌వే విమానం. నిలువు దిగుడు లేదు కాబట్టి రెండు దారులూ మీకు తెరిచే ఉన్నాయి. అయినా ముందు కీలు మీద తెరుచుకునే, విల్లు చట్రమున్న కానోపీయే తీసుకోమంటాను. అది తెరిచి ఉంచితే సీటుని నేరుగా పైకి లాగొచ్చు, కానోపీ విప్పే పని తప్పుతుంది. విప్పిన ప్రతిసారీ సీలు మళ్ళీ అమర్చి, వాహకత్వం మళ్ళీ కొలవాలి మరి.


గాలిదారి

నాజిల్, గాలిదారి గురించి నేను రాస్తాను.

చదును నాజిల్ అందం చూసి మోసపోవద్దు. లోపల పీడనం ఉన్న గొట్టం గుండ్రంగా ఉంటే గోడ కేవలం లాగుడు మోస్తుంది. చదునుగా ఉంటే వంగుడు మోయాలి. లోపలికీ బయటికీ తేడా 0.2 మెగాపాస్కల్ అనుకోండి. అర మీటరు వ్యాసార్ధం, 2 మి.మీ. గోడ ఉన్న గుండ్రటి గొట్టంలో ఒత్తిడి 50 మెగాపాస్కల్. అదే 50 దాటకుండా మీటరు వెడల్పు చదును పలక చేయాలంటే, అంచులు గట్టిగా బిగించినా, 45 మి.మీ. మందం కావాలి. అంత మందం ఎవరూ పెట్టరు, పక్కటెముకలు వేసి తేలిక చేస్తారు. అయినా బరువు పెరుగుతుంది. అది కూడా విమానం చివరన పెరుగుతుంది కాబట్టి గరిమనాభి వెనక్కి జరుగుతుంది. దానికి తోడు గుండ్రటి ఇంజన్ నుంచి చదును నోటికి మారే ముక్క ఒకటి అదనం. ఆ మూలల్లో వేడి ఒకచోట పేరుకుని పగుళ్ళు మొదలయ్యేది అక్కడే.

లాభాలు మూడు. వెనక నుంచి చూస్తే వేడి టర్బైన్ నేరుగా కనపడదు. అంచుల్ని రెక్కల అంచులతో సమాంతరంగా పెట్టుకోవచ్చు. పొగ త్వరగా చల్లారుతుంది. మూడోదానికి అంకె కావాలంటే: అర చదరపు మీటరు నోరు గుండ్రంగా ఉంటే చుట్టుకొలత 2.5 మీటర్లు, వెడల్పు ఎత్తుకి నాలుగు రెట్లున్న దీర్ఘచతురస్రమైతే 3.5 మీటర్లు. బయటి చల్లగాలి కలిసే అంచు 40 శాతం ఎక్కువ. ఎఫ్-22లోని ఎఫ్119 ఇంజన్ నాజిల్ దీనికి తోడు పైకీ కిందికీ 20 డిగ్రీలు తిరుగుతుంది కూడా. ఆ విన్యాసం మీకు అక్కర్లేకపోతే సగం కారణం పోయినట్టే. ఎఫ్135 (ఎఫ్-35 ఇంజన్) దారి, అంటే గుండ్రటి నాజిల్, ఒకదాని మీద ఒకటి పరుచుకున్న లోహపు రేకులు, కొసలకు రంపపు పళ్ళు, మీకు సరైనది. బరువు తక్కువ, రేకు పాడైతే ఆ ఒక్క రేకే మారుతుంది. పక్కల నుంచి, వెనక నుంచి కొంత కనిపిస్తారు. ఆ మాట రిపోర్టులో దాచకుండా రాయండి.

ఇప్పుడు గాలిదారి. నేరుగా ఉంటే ఫ్యాన్ మొహం మొత్తం రాడార్‌కి తగులుతుంది. పైగా తిరిగే బ్లేడ్లు తిరుగు అలలో ఒక ప్రత్యేకమైన వణుకు పెడతాయి, దాన్ని బట్టి ఇంజన్ ఏదో కూడా పోల్చుకోవచ్చు. ఎస్ ఆకారంలో వంచి గోడలకు శోషక పొర వేస్తే అల ఫ్యాన్ దాకా పోయి వచ్చేలోపు చాలాసార్లు గోడల్ని కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకి 5 డెసిబెల్ పోతే, ఆరు దెబ్బలకి 30.

ఖర్చు ఏమిటంటే, వంపు దగ్గర గాలి గోడని వదిలేస్తుంది. ఫ్యాన్ మొహం మీద ఒక పక్క బలంగా, ఒక పక్క నీరసంగా గాలి పడుతుంది. బ్లేడు ప్రతి చుట్టులోనూ ఆ నీరసం గుండా పోవాలి. అది హద్దు దాటితే కంప్రెసర్ స్టాల్ అవుతుంది, పెద్ద చప్పుడుతో మంట ముందుకొస్తుంది. వంపు మెల్లగా ఉండాలంటే దారి పొడవు కావాలి, పొడవుంటే ఆయుధాల గదికీ ఇంధనానికీ చోటు తగ్గుతుంది. పీడనం మామూలు దారి కంటే 3 శాతం అదనంగా పోయిందనుకోండి. ఒక శాతం పీడనానికి 1.2 నుంచి 1.5 శాతం థ్రస్ట్ పోతుందని వాడుక లెక్క. 98 కిలోన్యూటన్ల ఇంజన్‌కి 4 చొప్పున, రెండిటికీ 8 కిలోన్యూటన్లు. గైడ్ గారు అడిగిన అంకె అదే. సూపర్ హార్నెట్‌లో దారి కొంతే వంచి, మిగతా పనికి ఫ్యాన్ ముందు ఒక అడ్డు పెట్టారు. చోటు లేని చోట అదొక మధ్యే మార్గం, దానికీ పీడన నష్టం ఉంది.

నోటి దగ్గర కదిలే పలకలు పెట్టకండి, ప్రతి సందూ రాడార్‌కి కనిపించే గీతే. ఎఫ్-35లా ఉబ్బు ఉన్న డీఎస్ఐ (డైవర్టర్ లేని సూపర్‌సోనిక్ ఇన్‌లెట్) పెట్టండి. శరీరాన్ని అంటిపెట్టుకుని వచ్చే నీరసపు గాలిని ఆ ఉబ్బే పక్కకి తోసేస్తుంది, కదిలే భాగం ఒక్కటీ లేదు. 1996లో ఎఫ్-16కి అమర్చి ఎగరేసి చూశారు. కానీ కదలని నోరు ఒక వేగానికే కుదురుతుంది. ఒకే నిలువు షాక్ తరంగంతో మాక్ 1.8 దగ్గర 81 శాతం పీడనం మిగులుతుంది, మాక్ 2 దగ్గర 72. ఉబ్బు వల్ల దీనికంటే మెరుగే వస్తుంది గానీ, వాలు మాత్రం అటువైపే. అద్దం అన్న చెప్పిన మాటే నాదీ: 1.8 దగ్గర ఆగండి.


దుండిగల్_డిజైన్

ముగ్గురికీ చాలా చాలా థాంక్స్. మాక్ 1.8 ఖాయం చేసుకున్నాం. విల్లు చట్రం, డీఎస్ఐ, గుండ్రటి నాజిల్. పూత ఇండియం టిన్ ఆక్సైడ్, నిరోధకత 0.0002 ఓమ్ సెంటీమీటర్ అని ఒక పట్టికలో ఉంది, దాని ప్రకారం 200 నానోమీటర్ల పొరకి 10 ఓమ్‌లు వస్తున్నాయి. బయటి వైపున వేస్తున్నాం.

ఒక్క సందేహం మిగిలింది. ఇంజన్ బయట నుంచి తెచ్చేదే కదా. లోపల మేం పట్టించుకోవాల్సింది ఏమైనా ఉందా? అమర్చేస్తే సరిపోదా?


కాంచన్‌బాగ్_కొలిమి

సరిపోదు తమ్మీ. ఇంజన్ తెచ్చి పెట్టుడు ఒక పని, దాని సుట్టున్న వేడిని యాడికి పంపాల్నన్నది ఇంకో పని. స్టెల్త్ విమానంల రెండోదే పెద్ద పని.

మామూలు ఫైటర్‌ల వేడి ఎక్కువైతే బయట ఒక నోరు తెరిచి గాలి కొట్టిస్తరు. నీ విమానంల ప్రతి నోరు రాడార్‌కి కనవడుతది. అందుకని ఆ వేడిని ఇంధనంల దాస్తరు. కిలో ఇంధనం ఒక డిగ్రీ వేడెక్కాల్నంటే సుమారు 2 కిలోజౌళ్ళు కావాలె. క్రూయిజ్‌ల సెకనుకి అర కిలో పారుతున్నదనుకో, 60 డిగ్రీలు పెరగనిస్తే 60 కిలోవాట్లు గుంజుకుంటది. మంచిదే. గని నేల మీద ఐడిల్‌ల నిలవడ్డప్పుడు పారేది మస్తు తక్కువ. మే నెలల మన దగ్గర 42 డిగ్రీల ఎండ, ట్యాంకుల ఇంధనం ముందే కాగి ఉంటది. అప్పుడు వేడి దాసేటందుకు జాగనే ఉండదు. అమెరికాల లూక్ స్థావరంల 2014ల ఇంధనం లారీలకు తెల్ల రంగు ఏసింది గిందుకే.

రెండోది బ్లీడ్ గాలి, అంటె ఇంజన్ నుంచి పక్కకు తీసే గాలి. ఎఫ్-35ల ఎలక్ట్రానిక్స్‌ను సల్లవరిచేటందుకు మొదలు అనుకున్నది 14 కిలోవాట్ల సుట్టుముట్టు. తర్వాత అవసరం దానికి రెండింతలు దాటింది. ఆ గాలి కంప్రెసర్ నుంచే తియ్యాలె. గాలి ఎక్కువ తీస్తే అదే థ్రస్ట్ కోసం ఇంజన్ ఇంకింత వేడిగ ఉరకాలె, టర్బైన్ ఆయుష్షు తగ్గుతది. దీంతోని అమెరికాకు జీవితకాలంల 38 బిలియన్ డాలర్ల నిర్వహణ ఖర్చు ఎక్కువయితదని వాళ్ళ ఆడిట్ సంస్థనే 2023ల రాసింది. నువ్వు ఇప్పుడే రాడార్‌కు, కంప్యూటర్లకు, పైలట్ ఏసీకి ఎన్ని కిలోవాట్లో లెక్క గట్టి, దానికి రెండింతలు పెట్టుకో.

ఇంజన్ల వేడి ఎందుకంత పట్టింపు అంటె, టర్బైన్ బ్లేడు దగ్గరి గాలి ఆ లోహం కరిగే వేడి కంటె ఎక్కువ ఉంటది. బ్లేడు లోపల గాలి పారే సన్న దారులు, పైన పింగాణీ పూత ఉన్నయి కాబట్టే అది బతుకుతది. గోడ యాడాడ అర మిల్లీమీటరే ఉంటది. దాన్ని ఒకే స్ఫటికంగ పోస్తరు. మైనపు నమూనా సుట్టు పింగాణీ అచ్చు గట్టి, అడుగున పంది తోక లెక్క మెలిదిరిగిన దారి పెడతరు. కింద సల్లటి రాగి పలక మీద శానా రేణువులు పుడతయి, ఆ మెలికల పోటీ పడి ఒక్కటే పైకి వస్తది. అచ్చును వేడి కొలిమిల నుంచి నిమిషానికి రెండు మూడు మిల్లీమీటర్ల లెక్కన కిందికి దించుతరు. తొందరవడితే పక్కన కొత్త రేణువు మొలుస్తది. మరీ మెల్లగ దించితే బరువు మూలకాలు వేరువడి గొలుసు లెక్క మచ్చలు వస్తయి. లోపలి పింగాణీ కోర్ జరంత జరిగినా ఒక దిక్కు గోడ సన్నగయి బ్లేడు పనికి రాదు. పోత అయినంక కోర్‌ను కాగిన క్షారంల కరిగిస్తరు, స్ఫటికం దిక్కు ఎక్స్‌రే తోని సూస్తరు. నిలువు గీత నుంచి 10, 15 డిగ్రీలు వంగితే పక్కన పెడుతరు.

గివన్నీ మన హైదరాబాద్‌లనే జరుగుతున్నయి. డీఎంఆర్ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనశాల) ఒక హెలికాప్టర్ ఇంజన్‌కు 300 స్ఫటిక బ్లేడ్లు చేసే పని తీసుకొని, 2021 ఏప్రిల్ నాటికి 60 హాల్‌కు (హిందుస్తాన్ ఏరోనాటిక్స్) ఇచ్చింది. అదే ఏడు 2000 టన్నుల ప్రెస్సు మీద అడోర్ అనే జెట్ ఇంజన్ కంప్రెసర్ డిస్కులను ఐసోథర్మల్ ఫోర్జింగ్ చేసి సూపెట్టింది. అంటె అచ్చును గూడ ముద్దంత వేడిగ ఉంచి మెల్లగ నొక్కుడు. మామూలు అచ్చు సల్లగ ఉంటె టైటానియం ముద్ద అంచులు గట్టివడి పగుల్తయి. లోహం మిధాని (ప్రభుత్వ లోహాల కంపెనీ) ఇచ్చింది.

ఇంకోటి, సందులు. ఫ్యాన్ బ్లేడు కొసకు, సీలుకు మధ్య సందు ఎంత తక్కువ ఉంటె అంత లాభమని గట్టిగ బిగిస్తరు. 2014 జూన్‌ల ఎగ్లిన్ స్థావరంల ఒక ఎఫ్-35ఏ టేకాఫ్ ఉరుకుల కాలిపోయింది. మూడు వారాల ముందు గాలిల మలుపు తీసుకున్నప్పుడు మూడో దశ ఫ్యాన్ సీలును అనుకున్నదానికంటె ఎక్కువ ఒరుసుకుంది. 1000 డిగ్రీల ఫారెన్‌హీట్ అనుకున్న కాడ 1900 అయ్యింది, టైటానియంల కంటికి కనవడని పగుళ్ళు వచ్చినయి, అవే పెరిగి తెగినయి. ఉపాయం ఏం జేసిన్రు? సీలుల ముందుగాలనే గాడి కోసిన్రు. జరంత సామర్థ్యం పోయినా మంచిదే అని. నీ విమానం ఇంజన్ మౌంట్లు మలుపుల ఎంత వంగుతయో, ఇంజన్ తయారుచేసినోళ్ళకు నువ్వు చెప్పాలె. గది వాళ్ళ పని కాదు, నీ పని.

ధూళి సంగతి గూడ యాద్ పెట్టుకో. ధూళిల ఉన్న కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికా 1200 డిగ్రీల కాడ గాజు లెక్క కరిగి ఆ పింగాణీ పూత సందులల్లకు దిగుతయి. సల్లారినంక పూత పెచ్చులు పెచ్చులు లేస్తది.


అద్దాల_లెక్క

దుండిగల్, మీ పూత లెక్కలో ఒక తప్పుంది, ఇప్పుడే సరిచేసుకోండి. 0.0002 ఓమ్ సెంటీమీటర్ అనేది గాజు మీద అంకె. గాజుని 300 డిగ్రీలకి కాచి పూత వేస్తే స్ఫటికాలు బాగా కుదిరి ఆ నిరోధకత వస్తుంది. యాక్రిలిక్‌ని అంత కాయలేరు కదా. 80 డిగ్రీల దగ్గర వేస్తే సుమారు 0.0005 వస్తుంది. అప్పుడు 10 ఓమ్‌లకి 200 కాదు, 500 నానోమీటర్లు కావాలి.

500 వేసేద్దాం అనుకుంటారేమో, అది ఇంకో తప్పు. మాక్ 0.85 క్రూయిజ్‌లో ఇదే సూత్రంతో బయటి ఉపరితలం మైనస్ 29 డిగ్రీలు. పూత వేసిన 80 నుంచి అక్కడికి 109 డిగ్రీల పతనం. పూత కంటే ప్లాస్టిక్ డిగ్రీకి పది లక్షల్లో 60 భాగాలు ఎక్కువ ముడుచుకుంటుంది. అంటే పూత మీద 0.65 శాతం నొక్కుడు. పెళుసు పొర ఆ నొక్కుడికి కింద పట్టు వదిలి బుడగలా లేస్తుంది. లేవడానికి దొరికే శక్తి పొర మందానికి అనులోమం. 500 నానోమీటర్ల పొరకి 250 కంటే రెట్టింపు. ఎఫ్-35లో కూడా కానోపీ పూత అనుకున్నదానికంటే ఎక్కువగా ఊడిపోతోందనీ, మారు కానోపీలు అందడం లేదనీ ఆడిట్ నివేదికల్లో వచ్చింది.

మీకు 20 ఓమ్‌లు తీసుకోమంటాను, 250 నానోమీటర్లు. రానూపోనూ 41 డెసిబెల్. 38 చదరపు మీటర్ల మూల 0.003కి వస్తుంది. ఇంకా కావాలంటే పూత పెంచకండి, మూలనే చంపండి: సీటు వెనక గోడని 90 డిగ్రీల నుంచి పది డిగ్రీలు వాల్చండి, ప్యానెల్ అంచులకు శోషక నురుగు పెట్టండి. దానికి ఒక్క నానోమీటరు కూడా ఖర్చు కాదు.

నిర్వహణ పేజీలో మూడు సంగతులు రాయండి. 10 గిగాహెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 3 సెం.మీ., దాంట్లో సగం 1.5. పూతలో 1.5 సెం.మీ. పొడవున్న గీత ఆ అలకి యాంటెన్నాలా పనిచేస్తుంది, వెడల్పు వెంట్రుక అంత ఉన్నా సరే. కాబట్టి తిరస్కరించే హద్దు గీత పొడవు మీద పెట్టాలి. రెండు, తుడిచే పద్ధతి: ముందు నీళ్ళు పోసి ధూళి జార్చాలి, తర్వాత మెత్తటి గుడ్డతో ముందు నుంచి వెనక్కి నేరుగా తుడవాలి. గుండ్రంగా రుద్దితే ఆ వలయాల గీతలు ఎండ పడగానే సూర్యుడి చుట్టూ మెరుస్తాయి, పైలట్‌కి ఎదుటి విమానం కనపడదు. అసిటోన్, థిన్నర్ లాంటివి దగ్గరికి రానీయకూడదు, యాక్రిలిక్ లోపల సన్నటి పగుళ్ళ వల మొదలవుతుంది. మూడు, కానోపీ విప్పి మూసిన ప్రతి పెద్ద పని తర్వాత పూత నుంచి చట్రానికి నిరోధం చుట్టూ నాలుగైదు చోట్ల కొలిచి, పాత కొలతల పక్కనే రాయాలి. ఒక్క చోట పెరుగుతూ పోతుంటే అక్కడ సీలు చచ్చిపోతున్నట్టు, పూత మీద అనుమానపడే ముందు సీలు మార్చి చూడండి.